ఇత్తడి మీద ప్రధాన సంఖ్య

లేవు, అంది ఫోన్. మళ్లీ నొక్కాను. లేవు. వేదిక మీద ప్రిన్సిపల్ గారు కాలేజీ కట్టిన కొత్తలో ఈ హాలుకు కిటికీలు కూడా ఉండేవి కావని చెబుతున్నారు. అందరూ ఆ లేని కిటికీలను తలుచుకుని నవ్వుతున్నారు. నేను మొదటి వరుస చివరి కుర్చీలో, ఒళ్లో గుడ్డ చుట్టిన ఇత్తడి పలక, దాని మీద ఫోన్, ఫోన్ మీద నా బొటనవేలు. ప్రోగ్రాంలోనే ఏదో తప్పు పడి ఉంటుంది, ఇప్పటికిప్పుడు గబగబా రాసింది, నాలుగే వరుసలు, ఎక్కడో ఒక గుర్తు జారి ఉంటుంది. పదమూడు ఇచ్చి చూశాను. రెండు, మూడు అంది. రెండు రెళ్లు నాలుగు, మూడు మూళ్లు తొమ్మిది, కలిపితే పదమూడు, సరిగ్గానే ఉంది. ఇరవై తొమ్మిది ఇచ్చాను. రెండు, ఐదు అంది. అదీ సరిగ్గానే. మళ్లీ నా సంఖ్యను ఇచ్చాను, ఒక్కో అంకె సరిచూసుకుంటూ, ఐదు ఆరు సున్నా ఐదు రెండు మూడు ఆరు ఒకటి. లేవు. రెండు వర్గాలుగా విడగొట్టడానికి లేదు. నా పక్కన నాన్న మోచేత్తో మెల్లగా పొడిచాడు. "ఫోన్ లోపల పెట్టవే, పెద్దాయన మాట్లాడుతున్నాడు" అన్నాడు, తను గుసగుస అనుకునే గొంతుతో. వెనక వరుసలో ఎవరో దగ్గారు. నా చెవులు వేడెక్కాయి. వేడెక్కింది నాన్న గొంతుకా, ఫోన్ చెప్పిన మాటకా? అప్పుడు తెలియలేదు.

నా సంఖ్య అంటున్నాను గానీ అది ఇవాళ రిటైరవుతున్న మా లెక్కల మేడమ్ సంఖ్య. మేడమ్ ఇంటి ఫోన్ నంబరు. ఆవిడ పాఠం మొదలుపెట్టే ముందు నల్లబల్ల కుడివైపు పై మూలలో ఆ ఎనిమిది అంకెలూ రాసేవారు, చుట్టూ ఒక గడి గీసేవారు, తుడిచేటప్పుడు కూడా ఆ గడిని తుడిచేవారు కాదు. "సందేహం నిద్రపోనివ్వకపోతే చెయ్యండి, నా నిద్ర సంగతి నేను చూసుకుంటాను" అనేవారు. నేను మొదటిసారి మా షాపులోని ఫోన్ నుంచే చేశాను. షాపు అంటే ఒక తలుపు, ఒక బల్ల, గోడ నిండా వేలాడే ఇత్తడి రేకులు, నాన్న. నాన్న పేరు పలకలు చెక్కుతాడు, డాక్టర్లవి, వకీళ్లవి, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లవి. నేను ఫోన్ పట్టుకోగానే ఉలి మీద కొట్టబోయిన సుత్తిని గాలిలోనే ఆపేశాడు, అవతల మేడమ్ గొంతు నాకు వినపడాలని. నేను మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి అలాగే పైకెత్తి ఉంచాడు. చెయ్యి కింద పెట్టుకోవచ్చు కదా, పెట్టుకోలేదు. నేను నా సందేహం చెబుతుంటే మేడమ్ మధ్యలో ఏమీ అనలేదు, నేనే చెబుతూ చెబుతూ ఎక్కడ తప్పానో నాకే తట్టింది, "ఆఁ" అన్నారు మేడమ్, పెట్టేశారు. పెట్టేశాక నాన్న సుత్తి దించాడు. "ఏమన్నారు?" "ఏమీ అనలేదు." "ఏమీ అనకుండానే నేర్పారంటే గట్టి మనిషే" అన్నాడు.

ఇవాళ్టి ఈ కంగారంతా శేషం సార్ అన్న ఒక్క మాటతో మొదలైంది. ఆయన మా విభాగంలో పెద్దాయన, ఏం చెప్పినా చివర "మరి శేషమెంత?" అంటాడని పిల్లలు ఆ పేరు పెట్టారు, ఇప్పుడు ఆయన భార్య కూడా అలాగే అంటుందట. ఇందాక హాలు గుమ్మంలో పలక మీది గుడ్డ కొంచెం తొలగించి చూసి, "భేష్, మేడమ్ ఫోన్ నంబరు ప్రధాన సంఖ్యా! ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే" అన్నాడు, అని, "చివర అరవై ఒకటి, అంటే నాలుగుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తంగా విడిపోవాలి కదమ్మా. ఆ రెండూ ఏవో చూసి పెట్టుకో, మేడమ్ అడక్క మానరు" అన్నాడు. నేను నవ్వి, ఉన్నాయి సార్ చెబుతాను అన్నాను. ఉన్నాయి సార్! చూడకుండానే అనేశాను. ఆయన వెళ్లి నాలుగు కుర్చీల అవతల కూర్చున్నాడు, ఇప్పుడు కాలు మీద కాలు వేసుకుని ప్రిన్సిపల్ గారి లేని కిటికీలకు నవ్వుతున్నాడు. ప్రధాన సంఖ్య అయితే ఆ రెండు వర్గాలు ఉండి తీరాలి. లేవంటే, అది ప్రధాన సంఖ్య కాదు. ఇంతకంటే చిన్న నిరూపణ ఉండదు, డిగ్రీ రెండో ఏడు పిల్లలు చెబుతారు, నేనే చెప్పించాను వాళ్ల చేత.

ప్రోగ్రాంలో ఒక వరుస మార్చాను. వర్గాలు వెతకొద్దు, ఊరికే భాగించు, రెండుతో, మూడుతో, ఐదుతో, ఎక్కడ శేషం లేకుండా పోతే అక్కడ ఆగి చెప్పు. నొక్కిన వేలు ఎత్తేలోపే చెప్పేసింది. రెండు వందల పదకొండు. ఫోన్ చల్లగానే ఉంది, నా వేలే కాలినట్టయి బోర్లా పెట్టేశాను. రెండు వందల పదకొండుతో పోతుంది. పదో తరగతి కుర్రాడు తీరిగ్గా కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి ముందే దొరికేది. నేను భాగించలేదు. ఎందుకు భాగించలేదు? ఇదీ నన్ను తొలుస్తున్నది. మరిచిపోయి కాదు. భాగించడం నాకు నామోషీ అయింది. ఒక్కో సంఖ్యా తీసుకుని భాగించుకుంటూ పోవడం చదువు రానివాళ్లు చేసే పని అనిపించింది, పరిశోధన చేసినదాన్ని, నా చేతికి పరీక్ష ఉంది, ఫెర్మా పరీక్ష. ప్రధాన సంఖ్య అయితే ఏ చిన్న సంఖ్యనైనా తీసుకుని, దాన్ని దానితోనే ఐదు కోట్ల అరవై లక్షల యాభై రెండు వేల మూడు వందల అరవై ఒక్క సార్లు హెచ్చించి, వచ్చినదాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే, మొదట తీసుకున్న చిన్న సంఖ్యే తిరిగి రావాలి. దానికి అడ్డదారులున్నాయి, వర్గం చేస్తూ, శేషం పట్టుకుంటూ, మళ్లీ వర్గం చేస్తూ. చేత్తో చేశాను, కాగితం మీద, సిరా పెన్నుతో. రెండుతో చేశాను, రెండు తిరిగొచ్చింది. మూడుతో చేశాను, మూడు తిరిగొచ్చింది. ఐదుతో చేశాను. ఐదు తిరిగొచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, మేడమ్ నంబరు ప్రధాన సంఖ్య, ఇన్నాళ్లూ నల్లబల్ల మూలలో గడిలో కూర్చుని ఉంది, నేను పట్టుకున్నాను అని. ఆ కాగితాలు చూసుకుని మురిసిపోయాను. ఎంత శుభ్రంగా ఉన్నాయో, కొట్టివేత లేదు.

అలా పరీక్ష గట్టెక్కి కూడా ప్రధాన సంఖ్యలు కానివి ఉంటాయని నాకు తెలియదా? తెలుసు. పాఠం చెప్పాను. పేరు కూడా బల్ల మీద రాశాను, కార్మైకేల్ సంఖ్యలు, వేషగాళ్లు ఇవి, ఏ సంఖ్య తీసుకుని పరీక్షించినా దొరకవు, జాగ్రత్త అని. ఆఖరి బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తి, "మరి వాటిని ఎలా పట్టుకోవాలి మేడమ్?" అంది. "భాగించి చూడటమే" అన్నాను. నోటితో అన్నాను. ఇప్పుడు ఒళ్లో పలక పెట్టుకుని, ప్రిన్సిపల్ గారు కిటికీలు పూర్తి చేసి మేడమ్ సమయపాలనలోకి దిగుతుంటే, మనసులో లెక్క కట్టాను, కట్టకుండా ఉండలేక. వేషగాడైతే సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది, ఆ రెండు వందల పదకొండుకు ఒకటి తక్కువైన రెండు వందల పదితో పోవాలి. ఒకటి తీసేస్తే చివర సున్నా, కాబట్టి పదితో పోతుంది. అంకెలు కలిపితే ఇరవై ఏడు, మూడుతో పోతుంది. ఏడుతో? పోతుంది. ఆ జాతిదే అయ్యుండాలి. మిగతా కారణాంకాలు కూడా చూస్తే గానీ ఖాయం కాదు, అయినా ఆ జాతి పోలికలే. ఒక్క క్షణం తేలికైంది, చూశారా, మామూలు సంఖ్య కాదు నన్ను మోసం చేసింది, మహా మహా వాళ్లు మోసపోయే రకం, ప్రధాన సంఖ్యల కంటే ఎన్నో రెట్లు అరుదైనది! వెంటనే ఆ తేలికదనానికి సిగ్గేసింది. దాని గొప్ప అడ్డం పెట్టుకుని నా తప్పును పెద్ద ఇంటి తప్పు చేసుకుంటున్నాను. సంఖ్య ఎవర్నీ మోసం చెయ్యలేదు. అది ఏం చెప్పాలో అది చెప్పింది, భాగించమంటే రెండు వందల పదకొండు దగ్గర విరిగి చూపించింది. నేనే అడగలేదు.

"గుడ్డతోనే ఇవ్వాలా, విప్పి ఇవ్వాలా?" అన్నాడు నాన్న. "తెలీదు నాన్నా." "తెలీదంటే ఎలా, లెక్చరరువి." కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు, భుజాల మీద పెట్టెలా నిలబడింది. చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని వచ్చాడు, గోళ్ల అంచుల్లో పచ్చటి ఇత్తడి మాత్రం ఉండిపోయింది, అది ఎప్పుడూ పోదు. విశ్వవిద్యాలయంలో చేరిన రోజు హాస్టల్ గదిలో నాతో ఉండే అమ్మాయి మీ నాన్నగారేం చేస్తారు అంటే, లోహాల పని, డిజైన్, అన్నాను. "ఓ, ఇంజనీరా?" అంది. కాదనలేదు, అవుననలేదు, దువ్వెన కోసం వెతికాను. ఆ వెతకడం ఇప్పటికీ చేతుల్లో ఉంది, ఎక్కడ ఎవరు నాకు తెలియనిది తెలుసనుకున్నా నా చేతులు ఆ దువ్వెనకోసం పోతాయి. ఉన్నాయి సార్ చెబుతాను అన్నదీ అదే.

మా విభాగంలో ఉన్న ఆనవాయితీ ఇది, రిటైరయ్యేవాళ్లకు శాలువాలూ గడియారాలూ ఇవ్వం, ఒక సంఖ్యను ఇస్తాం, దాని జాతకం చదువుతాం. వాళ్లకు తగిన సంఖ్య వెతకడం అందరికంటే చిన్నవాళ్ల పని. ఆఫీసు గుమాస్తా గారికి ఎనిమిది వేల నూట ఇరవై ఎనిమిది ఇచ్చారట, తను కాక మిగతా భాజకాలన్నీ కలిపితే తనే వచ్చే పరిపూర్ణ సంఖ్య, ఆయన భార్య లేచి "ఈయన పరిపూర్ణుడని మీకెవరు చెప్పారండీ?" అంటే హాలంతా నవ్వులతో దద్దరిల్లిందట. ఊరంతా స్నేహితులున్న ఒకాయనకు భాజకాలు కుప్పలుగా ఉన్న సమృద్ధ సంఖ్య ఇచ్చారు. ఈసారి నా వంతు, పైగా మేడమ్. నాకీ ఉద్యోగం వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్‌లో తలుపు వెనక ఒక మాట విన్నాను, "మేడమ్ చేరదీసిన పిల్ల లెండి, లెక్కల కంటే జాలి ఎక్కువ పనిచేసింది." ఎవరన్నారో చూడలేదు, చూస్తే రోజూ ఆ మొహంతో టీ తాగాలి. ఇంటర్వ్యూలో మేడమ్ నా కోసం గట్టిగా వాదించారని తర్వాత తెలిసింది. ఇవాళ నేను లేచి తప్పు చదివితే, లేదా లేచి తప్పని ఒప్పుకుంటే, ఆ తలుపు వెనక మాట నిజమవుతుంది, అదీ ఆవిడ ఆఖరి రోజున, ఆవిడ ఎదురుగా. నా తల ఒంగితే ఫర్వాలేదు. నన్ను తెచ్చి కూర్చోబెట్టిన ఆవిడ తల?

జాతకంలో ఒకటి ముందే దాచాను, అదీ గుర్తొస్తోంది. అంకెల వర్గాలు కలిపి, వచ్చినదాని అంకెల వర్గాలు మళ్లీ కలిపి, అలా పోతే చివరికి ఒకటి దగ్గరికి చేరితే సంతోష సంఖ్య అంటారు. మేడమ్ సంఖ్య నూట ముప్పై ఆరై, నలభై ఆరై, యాభై రెండై, ఇరవై తొమ్మిదై, ఎనభై ఐదై, ఎనభై తొమ్మిదిలో పడి, అక్కడినుంచి గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. సంతోష సంఖ్య కాదు. వీడ్కోలు నాడు అదేం మాట అని వదిలేశాను. అంకెల మొత్తం ఇరవై ఎనిమిది, ఆ ఇరవై ఎనిమిది పరిపూర్ణ సంఖ్య అని మాత్రం రాశాను, అందంగా ఉందని. అందంగా ఉన్నవి ఏరుకున్నాను. ప్రధాన సంఖ్య అన్నది అన్నిటికంటే అందంగా ఉంది.

నాన్న దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా కాగితం మీద రాసివ్వమంటాడు, కింద సంతకం పెట్టిస్తాడు, ఆ కాగితాన్ని పలక పక్కన అంటించుకుని రాసిచ్చింది రాసిచ్చినట్టు చెక్కుతాడు. ఇత్తడి మీద తుడుపు లేదు, తర్వాత గొడవలొద్దు అంటాడు. జడ్జి గారి చేత కూడా పెట్టించాడు. నేను మేడమ్ సంఖ్య రాసిచ్చి, కింద సంతకం పెట్టబోతే కాగితం లాగేసుకున్నాడు. "నీ దగ్గర సంతకమేంటే!" అన్నాడు. తర్వాత చెక్కుతూ, "ప్రధాన అంటే?" అని అడిగాడు. ఎవరితోనూ విరగనిది నాన్నా, తనూ ఒకటీ తప్ప ఇంకేదీ దాన్ని సమంగా పంచలేదు, అన్నాను. "మీ మేడమ్ లాగే" అని, ఆ మాటను మిగతా వాటికంటే కొంచెం లోతుగా కొట్టాడు. ఇప్పుడు గుడ్డ మీదనుంచి కూడా నా వేలికి ఆ లోతు తగులుతోంది.

మేడమ్ వేదిక మీద కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చున్నారు, ఎప్పటిలాగే. ఆవిడకు తెలియదా? ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో, వచ్చి నా మెడ పట్టుకుంది. జీవితమంతా సంఖ్యలతో గడిపిన మనిషి, ఫోన్ పెట్టిన రోజునే తన నంబరును విరగ్గొట్టి చూసుకుని ఉండరూ? నేనైతే చూసుకోనూ? ఆవిడకు తెలుసు. నేను లేచి ప్రధాన సంఖ్య అని చదువుతాను, ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూస్తారు, నవ్వుతారు, రెండు చేతులతో పలక తీసుకుంటారు, ఒక్క మాట అనరు. ఇంటికి తీసుకెళ్లి గోడకు కొట్టించుకుంటారు. వచ్చినవాళ్లందరికీ మా అమ్మాయి ఇచ్చింది అని చెబుతారు. తలుపు వెనక మాట కంటే అది ఘోరం. జాలి. నిజంగానే జాలి.

"నాన్నా" అన్నాను. "పలక మీద తప్పుంది."

ఆయన చెయ్యి ముందు పలక మీదికి వచ్చింది, తర్వాత నా మొహంలోకి చూశాడు. "ఏ అక్షరం?"

"అక్షరం కాదు..."

"అంకె తప్పా?" గుడ్డ కొస ఎత్తి బొటనవేలు లోపలికి పోనిచ్చి తడుముకుంటున్నాడు, ఐదు, ఆరు, సున్నా, పెదవులు కదుపుతూ. ఆయన మొహం నేనెప్పుడూ చూడనంత చిన్నదైపోయింది. "నాదే అయ్యుంటుంది. ఆ రోజు కళ్లు మండుతూనే ఉన్నాయి. మీ అమ్మ అంది కూడా, రేపు చెయ్యొచ్చుగా అని. విన్నానా?" కాదు నాన్నా అనాలి. ఆ రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. అప్పుడే హాలంతా చప్పట్లు కొట్టింది, ప్రిన్సిపల్ గారు ముగించారు, నేనూ చప్పట్లు కొట్టాను, చప్పట్లు ఆగేదాకా ఆగుదామని, ఆగాక కూడా ఆగాను. నాన్న నా చెవి దగ్గరికి వంగాడు. "నువ్వేం కంగారుపడకు. చెక్కేవాడు తప్పు చెక్కాడని చెప్పెయ్. ముసలాడు, చూపు ఆనలేదు, వారంలో కొత్తది చేసిస్తాడు అను. నాకేముందే, నన్నెవరేం అంటారు?" అని నవ్వాడు కూడా, నాకు ధైర్యం రావాలని.

ఎంత తేలిక. ఎంత నమ్మకంగా ఉంటుంది. లెక్చరరమ్మ సంయుక్త సంఖ్య అనే రాసిచ్చింది, చెక్కేవాడికి తెలియక పాత పలక చూసి ప్రధాన అని కొట్టాడు. శేషం సార్‌తో గుమ్మంలో ఉన్నాయి సార్ అన్నాను కదా, అది? తొందరలో అన్నాను, పలక సరిగ్గా చూడలేదు. కాగితం అడిగితే? పారేశారు. సంతకం లేనే లేదు. ఒక్కో కన్నం పూడ్చుకుంటూ వస్తున్నాను, వరుస తప్పకుండా, ఎవరు ఎక్కడ ఆక్షేపిస్తారో ముందే చూసుకుంటూ, మేడమ్ నేర్పిన పద్ధతిలోనే. అబద్ధానికి నిరూపణ రాస్తున్నాను. ఆ సంఖ్య మీద ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే! పక్కన నాన్న తన గోళ్లు చూసుకుంటున్నాడు, తప్పు ఎక్కడ జరిగిందో చేతులనే అడుగుతున్నట్టు.

నన్ను పిలిచారు. నేను లేవగానే ఆయనా లేచాడు, "బరువుంటుంది, నేను తెస్తా" అంటూ పలక తీసుకుని నా వెనకే మెట్లెక్కాడు. మైకు నా గడ్డం కంటే ఎత్తుగా ఉంది, దించుకోవడం తెలియక మునివేళ్ల మీద నిలబడ్డాను. ఐదు, ఆరు, సున్నా, ఐదు అని చదవడం మొదలుపెట్టేసరికి హాలులో పాత విద్యార్థులు గుర్తుపట్టేశారు, రెండు, మూడు, ఆరు, ఒకటి, అని వాళ్లూ గొంతు కలిపారు, ఒకాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకున్నాడు, నవ్వులు. మేడమ్ కూడా నవ్వారు. నవ్వులు అయ్యాయి. నాకు ఇక ఆగడానికి ఏమీ లేదు.

"పలక మీద ప్రధాన సంఖ్య అని ఉంది" అన్నాను. "ఇది ప్రధాన సంఖ్య కాదు. తప్పు..."

"తప్పు నాదేనండీ" అన్నాడు నాన్న. నా భుజం పక్కనుంచి, మైకు లేకుండానే, హాలు చివరిదాకా వినపడేలా. "చెక్కేది నేనే. చూపు సరిగా ఆనడం లేదండీ, అమ్మాయి సరిగ్గానే రాసిచ్చింది."

"అయ్యో ఫర్వాలేదండీ" అన్నారెవరో. "పాపం, పెద్దాయన." "చేతిపని అన్నాక పడుతూ ఉంటాయిలెండి" అన్నాడు శేషం సార్, ఎంతో ఆదరంగా. హాలంతా ఒక్కసారిగా మెత్తబడింది. ఎంత తొందరగా నమ్మారో. ఎవరికీ ఒక్క ప్రశ్న రాలేదు, ఇంతమంది లెక్కలవాళ్లలో ఒక్కరికీ. చెక్కేవాడు తప్పు చేస్తాడు, అది ముందే రుజువైపోయిన విషయం, మళ్లీ భాగించి చూడనక్కర్లేదు. నాన్న వాళ్లందరికీ దణ్ణం పెడుతున్నాడు, పలక చంకలో ఇరికించుకుని.

"కాదు" అన్నాను. మైకు కీచుమంది. "కాదు నాన్నా. మా నాన్న నేను రాసిచ్చింది రాసిచ్చినట్టు చెక్కాడు. ప్రధాన సంఖ్య అని రాసిచ్చింది నేను. ఇందాక సార్‌తో రెండు వర్గాలు ఉన్నాయన్నాను, చూడకుండా అన్నాను. లేవు."

మెత్తదనం పోయింది. కుర్చీలు కదిలాయి. శేషం సార్ కాలు మీద కాలు తీసేశాడు. నాన్న నన్ను చూస్తున్నాడు, కోపంగా కాదు, తన చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు.

"ఎక్కడ పోయింది?" అని అడిగారు మేడమ్. తరగతిలో అడిగే గొంతు, కుర్చీలోంచి కదలకుండా.

"రెండు వందల..." అనేసరికే ఆవిడ తల ఊపారు. "...పదకొండు దగ్గర, మేడమ్."

"భాగించి చూడలేదా?"

"లేదు మేడమ్. పరీక్ష చేశాను."

ఆవిడ ఏమీ అనలేదు. ఫర్వాలేదు అనలేదు, అందుకు నేను ఆవిడ కాళ్లకు మొక్కినా తప్పులేదు. హాలుకూ నాకూ మధ్య ఆ ఏమీ అనకపోవడం అలాగే నిలబడింది, నా చీర కుచ్చిళ్ల కింద నా మడమలు ఇంకా పైకి లేచే ఉన్నాయి, మైకు అందడానికి, దించడం మరిచిపోయాను. తలుపు వెనక మాట అన్నది ఎవరో వాళ్లు ఇప్పుడు ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటారు. ఉండనీ. లెక్కల కంటే జాలి ఎక్కువ పనిచేసిందన్నారు కదా, జాలి ఇక్కడ అడుగు పెట్టలేదు, అదొక్కటే నాకు తెలుస్తోంది.

నాన్న ముందుకొచ్చి పలకను బల్ల మీద పెట్టాడు, గుడ్డ పూర్తిగా తీసేశాడు. ఇత్తడి మీద వెలుగు పడింది, అక్షరాలన్నీ నల్లగా, సూటిగా ఉన్నాయి, ఆ ఒక్క మాట లోతుగా. మేడమ్ లేచి వచ్చి వంగి చూశారు. "పని చాలా బాగుందండీ" అన్నారు ఆయనతో.

"బాగుంటే సరిపోదు కదండీ, తప్పుడు మాటతో నా దగ్గర్నుంచి పలక పోదు" అన్నాడు నాన్న. ఇప్పుడు ఆయన గొంతులో ఇందాకటి వినయం లేదు, షాపులో బల్ల వెనక ఉండే గొంతు. "తీసుకెళ్లి కొత్తది చేసి తెస్తాను." జేబులోంచి పెన్ను తీశాడు, బల్ల మీది కార్యక్రమం కాగితాన్ని తిరగేసి ఖాళీ వైపు నా ముందుకు జరిపాడు, అందరూ చూస్తుండగా. "ఏం చెక్కాలో రాసివ్వు. ఈసారి సంతకం పెట్టు."

పెన్ను తీసుకున్నాను. సంయుక్త సంఖ్య అని రాయడానికి ఎంతసేపు? చెయ్యి కాగితం మీదికి వచ్చి ఆగిపోయింది. రెండు వందల పదకొండు పోగా మిగిలేది రెండు లక్షల అరవై ఐదు వేల ఆరు వందల యాభై ఒకటి. అది ఇంకా విరుగుతుందా, విరగదా, విరిగితే ఎన్నిగా? మేడమ్ సంఖ్య ఆ వేషగాళ్ల జాతిదో కాదో, దాని పేరు ఏమిటో నాకు ఇంకా తెలియదు. ఇంతమందిలో అది చెప్పడం, ఇందాక చెప్పినదాని కంటే సిగ్గుగా ఉంది.

"ఆగు నాన్నా" అన్నాను. "ముందు భాగించి చూడాలి."